గీత దాటిన గురువారం

తెలీసియా ఆ వరసను మళ్ళీ చదివింది. ఎన్నోసారో ఆమెకే తెలియదు.

రోజుకి రెండంకెలు, అడ్డగీత. నెలకి రెండంకెలు, అడ్డగీత. ఏడాదికి నాలుగు. ఆ తర్వాత గంటలు, నిమిషాలు. చివర, అది ఏ తీరపు గడియారమో చెప్పే గుర్తు. కోడ్‌లో ఒకే ఒక్క పొడవాటి వరస, తేదీల ఆకారాన్ని తనిఖీ చేసే ప్యాటర్న్. తను రాసిందే. ఒక చుక్క కూడా పక్కకి పోలేదు.

అదే ఆమె ప్రాణం తీస్తోంది. తప్పు దొరికితే తమ్ముడు దొరుకుతాడు. తప్పు దొరకడం లేదు.

బయట ఆపియా రేవు నిద్రపోతున్నట్టుంది. ఆదివారం పొద్దున. కొండవాలు ఇళ్ళ నుంచి రాళ్ళపొయ్యిల పొగ లేస్తోంది. చర్చిలో పాట మొదలైంది. ఊళ్ళో పని చేస్తున్నది సముద్రంలో తప్పిపోయినవాళ్ళని వెతికే ఈ గాలింపు గది ఒక్కటే.

తమ్ముడు పెటేలో, అతని భార్య అన్న యోసువా బుధవారం పడవ వేసుకుని దక్షిణం వైపు చేపలకి వెళ్ళారు. శుక్రవారం పొద్దుటికి వస్తామన్నారు. రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం, సముద్రంలో తేదీ మారే గీతకి అవతల ఉన్న పాగో పాగో నుంచి కబురు తెర మీదికి వచ్చింది. "పెటేలో పడవ నుంచి రేడియోలో మాట వచ్చింది. ఇంజను పోయింది. ఉన్న చోటు ఇది." మధ్యలో కొండలు అడ్డం కాబట్టి ఆ మాట ఆపియాకి అందలేదు. పాగో కొండ మీది స్తంభానికి అందింది.

ఇంజను ఆగిన పడవ గాలికీ నీటి లాగుడికీ ఎటు కొట్టుకుపోతుందో యంత్రం లెక్క కడుతుంది. ఎక్కడ ఆగిందో, ఎప్పుడు ఆగిందో చెబితే చాలు. రెండూ చెప్పారు. యంత్రం సముద్రం మీద ఒక చతురస్రం గీసింది. న్యూజిలాండ్ నుంచి వచ్చిన విమానం నిన్నంతా ఆ చతురస్రాన్ని దువ్వెనతో దువ్వినట్టు దువ్వింది. ఖాళీ నీళ్ళు.

"వదినా."

మూల కుర్చీలో పెటేలో భార్య ఇలీసా. చేతిలో తాటాకు విసనకర్ర ఉంది కానీ విసురుకోవడం లేదు.

"అన్నయ్య మందు ఫ్రిజ్‌లోనే ఉంది వదినా. పొద్దున మళ్ళీ చూశాను. రెండు రోజులకి సరిపడా సూదిమందే పట్టుకెళ్ళాడు."

యోసువాకి చక్కెర జబ్బు. ఆ మాట గదిలో అందరికీ తెలుసు. అయినా ఇలీసా గంటకోసారి చెబుతూనే ఉంది. తెలీసియా తెర వైపు తిరిగింది.

తలుపు తోసుకుని ఫాలేటో వచ్చాడు. గాలింపు పెద్ద. చర్చి కోసం కట్టిన తెల్ల లుంగీ, తెల్ల చొక్కా. చర్చికి వెళ్ళలేదని ముఖం చెబుతోంది.

"విమానం కాసేపట్లో లేస్తుంది," అన్నాడు. "ఇదే ఆఖరుసారి తెలీసియా. ఇంకో పిలుపు వచ్చిందట, సాయంత్రం వాళ్ళు వెళ్ళిపోవాలి. ఎక్కడికి పంపమంటావు? అదే చోటికా?"

"లెక్క మళ్ళీ చూస్తున్నానండీ."

"నిన్నా అదే అన్నావు. తేదీ సరిగ్గానే పడిందా?"

"పడింది. నా ప్యాటర్న్ దాటి తప్పుడు తేదీ..."

ఆ వాక్యం ఆమె ఇదే గదిలో ఇదివరకు ఒకసారి పూర్తిగా అంది. కొత్త వ్యవస్థ మొదలైన రోజు అందరి ముందూ ఫిబ్రవరి ముప్పై అని కొట్టి చూపించింది. తెర ఎర్రబడి వెనక్కి నెట్టింది. లీపు కాని ఏడు పట్టుకుని ఫిబ్రవరి ఇరవై తొమ్మిది కొట్టింది. మళ్ళీ నెట్టింది. ఇరవై ఐదో గంట కొట్టింది. నెట్టింది. "దీన్ని దాటి తప్పుడు తేదీ లోపలికి రాదండీ," అంది. చప్పట్లు కొట్టారు. పెటేలో ఆ సాయంత్రం పట్టిన మొదటి చేప ఎప్పట్లాగే అక్క గుమ్మంలో పెట్టి, "ఫిబ్రవరి ముప్పైన పట్టాను, తీసుకుంటావా?" అని నవ్వాడు.

"పాగో వాళ్ళతో మాట్లాడారా?" అంది.

"శుక్రవారమే మాట్లాడాం. డ్యూటీలో ఉన్న మనిషి తెర మీద ఉన్నదే చదివి వినిపించాడు."

"విన్న మనిషి అతనేనా?"

ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

తెలీసియా కబురు కింద ఉన్న పేరు చూసింది. లోసా. పాగో రేడియో గదిలో ఎప్పటినుంచో పని చేస్తున్న మనిషి. పుట్టింది ఆపియాలోనే, మెట్టింది అవతల. తెలీసియా తల్లికి చిన్ననాటి నేస్తం. శుక్రవారం నుంచీ ఎవరు చేసినా ఆమె ఫోను పలకలేదని పక్కన చిన్న అక్షరాల్లో రాసి ఉంది.

తెలీసియా చేసింది. మోగింది. మోగింది. తర్వాత కుక్క మొరుగుడు, ఎవరో గడ్డి కోస్తున్న మిషన్ చప్పుడు. అక్కడ శనివారం.

"ఎవరూ? ఆపియా నంబరా? ఆదివారం ప్రార్థన మానేసి ఫోన్ పట్టుకున్నావా? మీ పాస్టరు నిన్ను ఊళ్ళోంచి గెంటేస్తాడే పిల్లా!"

"లోసా పిన్నీ, నేను తెలీసియాని. పెటేలో అక్కని."

లోసా గొంతు మారిపోయింది.

"దొరికాడా?"

"లేదు పిన్నీ."

"ఇంకానా! ఓరి దేవుడా. ఈపాటికి ఇంట్లో కూర్చుని తింటుంటాడనుకున్నానే. మా వదిన వాళ్ళింట్లో చావు, మనూఆ దీవికి వెళ్ళాను. అక్కడ ఫోన్ పలకదు. ఇప్పుడే దిగాను, ఇంకా మూటలు కూడా విప్పలేదు."

"ఎప్పుడు వెళ్ళావు పిన్నీ?"

"గురువారం పొద్దున విమానానికి."

తెలీసియా చేతిలో పెన్సిలు ఆగింది. ఇక్కడి శుక్రవారం అంటే అక్కడి గురువారం. గడియారం రెండు చోట్లా ఒకటే చూపిస్తుంది, క్యాలెండరే వేరు. కబురు శుక్రవారం మధ్యాహ్నానిది. అంటే లోసాకి గురువారం మధ్యాహ్నం. పొద్దున విమానమెక్కిన మనిషి మధ్యాహ్నం రేడియో ముందు ఎలా కూర్చుంది?

"పిన్నీ, నువ్వు పెటేలో గొంతు విన్నది ఏ రోజు?"

"బుధవారం. భోజనం చేసి వచ్చి కూర్చున్నా, పాపం, గరగరమని వాడి గొంతు. నన్ను గుర్తుపట్టి 'పిన్నీ' అన్నాడు కూడా."

"మరి గురువారం తేదీ వేశావేంటి?"

"మీకు గురువారమే కదే!" లోసాకి కోపం వచ్చింది. "ఇక్కడ బుధవారమైతే అక్కడ గురువారం కాదూ? మీవాళ్ళకి రాసేటప్పుడు మా రోజు రాస్తే ఏం మర్యాద? మా అక్కతో మాట్లాడినా మీ రోజే చెబుతాను. మీవాళ్ళు క్యాలెండరు మార్చుకుని, గీత దూకి ఒక శుక్రవారాన్ని మింగేసిన ఏడాది నుంచీ నా అలవాటు అదే. ఎప్పుడైనా మా రోజు చెప్పి మిమ్మల్ని లెక్కలు కట్టుకోమన్నానా?"

"చివర ఒక గుర్తు పడుతుంది చూడు పిన్నీ. సున్నాలతో..."

"ఆ తోకా? దానంతట అదే పడుతుందిగా. అది మీ మిషన్ గొడవ అనుకున్నా. పచ్చగా నవ్వి 'సరే' అంది. ఇదివరకైతే రాసి ఊరుకోకుండా ఫోన్ కూడా చేసేదాన్ని. ఇక అక్కర్లేదన్నారు కదా మీరు."

ఆ తోక తగిలించింది తెలీసియానే. మొదట్లో పాగో వాళ్ళు చివరి గుర్తు కొట్టడం మరిచిపోయేవాళ్ళు. ప్యాటర్న్ కుదరక తెర ఎర్రబడేది. విసుక్కున్నారు. అందుకని అక్కడి నుంచి ఏది వచ్చినా చివర 'ఇది పాగో రోజు' అనే గుర్తు దానంతట అదే అంటుకునేలా చేసింది. ఫిర్యాదులు ఆగిపోయాయి. ఆ రోజు ఆమె హాయిగా ఇంటికి వెళ్ళి నిద్రపోయింది.

లోసా మర్యాదగా ఆపియా రోజు రాసింది. తోక వచ్చి అది పాగో రోజని సాక్ష్యం చెప్పింది. అంకెలు సరే, గీతలు సరే, తోక సరే. ప్యాటర్న్ చూసేది ఆకారాన్ని. ఆకారం నిఖార్సుగా ఉంది. యంత్రం బుద్ధిగా మరో రోజు కలిపింది. గురువారం శుక్రవారమైంది.

"ఫాలేటో గారూ!" అని అరిచింది. "ఇంజను పోయింది శుక్రవారం కాదు. గురువారం. మనం ఒక రోజు తక్కువ లెక్క కట్టాం. వాళ్ళు ఆ చతురస్రంలో లేరు. ఇంకా చాలా దూరం కొట్టుకుపోయి ఉంటారు."

ఫాలేటో కదల్లేదు.

"ఒక్క విమానం ఉంది నా చేతిలో," అన్నాడు నెమ్మదిగా. "దాన్ని తిప్పేయమంటున్నావు. దేన్ని నమ్మి? లోసా జ్ఞాపకాన్నా?"

ఫోన్లోంచి లోసా గొంతు గదంతా నిండింది. "అక్కడున్నది ఫాలేటోనా? ఒరేయ్, సండే స్కూల్లో నా పక్కన కూర్చుని నా గౌనుకి ముక్కు తుడిచినవాడివి! నేను ఏ రోజు విన్నానో నాకు తెలీదా?"

"తెలియదనలేదక్కా. రేపు ఇద్దరు మనుషుల తల్లులకి నేను జవాబు చెప్పాలి."

అతని మాటలో తప్పు లేదు. తెలీసియాకి అది తెలుసు. లోసా పొరబడి ఉంటే? వదినగారింట్లో చావు, ప్రయాణపు తొందర, ఒక రోజు ఇంకో రోజుగా గుర్తుండడం వింతేమీ కాదు. ఎక్కడ పట్టుకోవాలి ఆ గురువారాన్ని?

మనుషులు కొట్టిన తేదీ ఉంది. మనుషులు కొట్టనిది?

సర్వర్ తన సొంతానికి వేసుకునే ముద్ర ఒకటుంటుంది. ఏ కబురు ఎప్పుడు గుమ్మం తొక్కిందో. అది తెర మీద కనిపించదు, ఎవరికీ అక్కర్లేదని ఆమే దాచేసింది. లోపలికి వెళ్ళి తీసింది. రెండు వరసలు పక్కపక్కన పెట్టింది. తెరను ఫాలేటో వైపు తిప్పింది.

"ఇది చూడండి. ఈ కబురు మన గదికి చేరింది గురువారం మధ్యాహ్నం. అందులో రాసి ఉన్నది శుక్రవారం మధ్యాహ్నం సంగతి."

ఫాలేటో వంగి చదివాడు. మళ్ళీ చదివాడు.

"జరగకముందే కబురెలా వచ్చిందమ్మా?"

"రాలేదు. జరిగాకే వచ్చింది. రేపటి తేదీ ఉంది కదా అని యంత్రం రేపటిదాకా తన దగ్గరే అట్టేపెట్టుకుంది. శుక్రవారం మధ్యాహ్నం కాగానే తీసి మన ముందు పెట్టింది. మనం అప్పుడే వచ్చిందనుకున్నాం."

కుర్చీ కిర్రుమంది. ఇలీసా లేచి నిలబడింది.

"గురువారం నుంచీ ఇక్కడే ఉందా?" అంది. "ఈ పెట్టెలో? మేం శుక్రవారం దాకా వాళ్ళు చేపలు పడుతున్నారనుకుని పడుకున్నాం. ఇది ఇక్కడే ఉందా వదినా?"

తెలీసియా తలెత్తలేదు. తేదీ సరిచేసి, లెక్క మళ్ళీ నడిపించింది. తెర మీద చతురస్రం చెరిగిపోయింది. కొత్తది సవాయీ దీవి కూడా దాటి, పడమటి వైపు, పటం అంచుకి వెళ్ళి పడింది. అటు ఇక నేల లేదు.

ఫాలేటో అప్పటికే రేడియో అందుకున్నాడు.

ఆ తర్వాత చేయడానికి ఏమీ లేదు. అంతకన్నా నరకం లేదు. పాట ముగిసి చర్చి విడిచారు. తెల్లబట్టల జనం రోడ్డు మీద నడుస్తూ ఈ గది కిటికీ దగ్గర గొంతులు తగ్గించారు. ఎవరో ఆకుల్లో చుట్టిన టారో దుంపలు, కొబ్బరిపాలు పోసిన కూర తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళారు. ముట్టుకున్నవాళ్ళు లేరు. విమానం వెళ్ళింది. అటు ఒకసారి తిరిగింది. ఇటు తిరిగింది. ఇంధనం తగ్గుతోందని చెప్పింది.

"ఇంకొక్క గీత," అన్నాడు ఫాలేటో రేడియోలో. బతిమాలుతున్నాడు. పది ఊళ్ళు మాట వినే మనిషి, ముక్కూ మొహం తెలియని పైలట్‌ని బతిమాలుతున్నాడు. "ఇంకొక్కటి తిరగండి."

గరగర. చాలాసేపు గరగర మాత్రమే.

తర్వాత మాట వచ్చింది. పడవ కనబడింది. ఒకతను నిలబడి చొక్కా ఊపుతున్నాడు. ఒకతను పడుకుని ఉన్నాడు. మీద నీలం పట్టా కప్పి ఉంది. కదలడం లేదు.

"ఎవరు?" అని ఇలీసా అరిచింది. "నిలబడింది ఎవరు?"

పైనుంచి పోల్చుకోలేమన్నారు. గస్తీ పడవ అటే బయల్దేరిందనీ, కాస్త సమయం పడుతుందనీ చెప్పారు.

తెలీసియా, ఇలీసా ఒకరినొకరు చూసుకోలేకపోయారు. నిలబడింది పెటేలో కావాలి. తెలీసియా మనసు ఆ ఒక్క మాటనే పట్టుకుని దేవుడి కాళ్ళ మీద పడుతోంది. పెటేలో కావాలి, పెటేలో కావాలి. అలా అడిగిన ప్రతిసారీ పట్టా కింద ఎవరిని పడుకోబెడుతోందో ఆమెకి తెలుసు. అడగడం మాత్రం మానలేకపోయింది. ఇక ఇలీసా ఏమని అడుగుతుంది? నిలబడినవాడు భర్త అయితే పడుకున్నవాడు అన్న. ఆ పిల్ల పెదవులు కదలడం లేదు.

మధ్యాహ్నం తిరిగాక గస్తీ పడవ పిలిచింది. ఫాలేటో విన్నాడు. చొక్కా పై గుండీ తీసుకున్నాడు.

"పెటేలో మాట్లాడుతున్నాడట," అన్నాడు. "నీళ్ళు తాగాడు. అక్కకి చెప్పమన్నాడట, ఈసారి చేప లేదని."

తెలీసియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"యోసువా?" అంది ఇలీసా.

ఫాలేటో ఆమె దగ్గరికి నడిచి వెళ్ళి, అంత పెద్ద మనిషి నేల మీద చతికిలబడ్డాడు. ఆమె కన్నా ఎత్తులో ఉండి ఆ మాట చెప్పడం ఇష్టం లేక.

"నిన్న మధ్యాహ్నం దాకా మాట్లాడుతూనే ఉన్నాడటమ్మా," అన్నాడు.

నిన్న మధ్యాహ్నం. విమానం తప్పుడు నీళ్ళని దువ్వుతున్న వేళ.

ఇలీసా ఏడవలేదు. విసనకర్రను జాగ్రత్తగా కుర్చీలో పెట్టింది. "ఫ్రిజ్‌లో మందు ఎవరికైనా ఇచ్చేయాలి," అని బయటికి నడిచింది.

మంగళవారం తెల్లవారక ముందే తెలీసియా యోసువా పుట్టినూరు చేరింది. ప్రాణం పోవడానికి కారణమైనవాళ్ళు పోయినవాళ్ళ ఇంటి ముందు క్షమాపణకి కూర్చోవాలి, అది ఆచారం. కులపెద్ద అయిన ఆమె మేనమామ తను కూర్చుంటానన్నాడు. అది ఆయన పనే. "తేదీని లోపలికి రానిచ్చింది నేను మామయ్యా," అంది ఆమె. చర్చ అక్కడితో ఆగింది. యోసువా వాళ్ళ ఇంటి ముందు, పచ్చిగడ్డి మీద కూర్చుంది. నాయనమ్మ నాటి మెత్తటి చాపను తల మీంచి కప్పుకుంది. లోపలివాళ్ళు వచ్చి చాప తీస్తే క్షమించినట్టు. తీయకపోతే ఎండెక్కినా, వానొచ్చినా కూర్చునే ఉండాలి. రాళ్ళు విసిరినా అడిగే హక్కు లేదు.

చాప కింద చీకటి. పాత నూనె వాసన, తన ఊపిరి వేడి.

కాసేపటికి పక్కన ఎవరో రొప్పుతూ కూర్చున్నారు. చాప అంచు లేచి దిగింది.

"జరుగు పిల్లా," అంది లోసా. "కాళ్ళు పట్టడం లేదు."

"పిన్నీ, నువ్వెందుకు వచ్చావు?"

"ఏం, చాప నీ ఒక్కదానిదేనా? నిన్న మా వైపు ఆదివారం. కొంప మునిగినా ఆదివారం విమానమెక్కనిదాన్ని, ఎక్కాను. ఇక్కడ దిగేసరికి సోమవారం. ఒక రోజంతా దారిలో ఎవడు మింగాడో." మోకాలు పిసుక్కుంది. "మర్యాదకి రాశానే తల్లీ. మర్యాదకి."

"తోక తగిలించింది నేను."

"ఊరుకో. వింటారు."

తెల్లవారింది. చాప నేతలోంచి వెలుతురు సూదుల్లా దిగింది. ఇంట్లో అలికిడి మొదలైంది. దగ్గులు, చిన్న ఏడుపు, గిన్నెల చప్పుడు. అడుగులు గుమ్మం దాకా వచ్చి ఆగాయి. వెనక్కి వెళ్ళాయి. మళ్ళీ వచ్చాయి. ఈసారి ఆగకుండా గడ్డి మీదికి దిగాయి. తేలికైన అడుగులు.

తెలీసియా కళ్ళు మూసుకుంది. ఏం పడినా పడనీ.

చాప అంచు లేచింది. కానీ ఎవరూ దాన్ని తీసేయలేదు. ఒక మనిషి వంగి లోపలికి దూరింది. చాప మళ్ళీ దిగింది.

ఇలీసా. మోకాళ్ళు ముడుచుకుని, వదిన భుజానికీ లోసా భుజానికీ మధ్య ఇరుక్కుని కూర్చుంది.

"నాన్న ఇంకా ఏమీ అనలేదు," అంది. "ఏమంటాడో నాకూ తెలీదు. ఇంట్లో అందరూ నా మొహం చూసి ఏడుస్తున్నారు. మొగుడు బతికాడు కదా అని ఒకరు, అన్న పోయాడు కదా అని ఒకరు."

చాప అంచు కాళ్ళ మీదికి లాక్కుంది.

"ఇక్కడ చీకటిగా ఉంది. కొంచెంసేపు నన్ను ఇక్కడ కూర్చోనీ వదినా."

తెలీసియా జరిగి చోటిచ్చింది. బయట ఎండ ఎక్కుతోంది. గుమ్మంలో ముసలాయన దగ్గు వినిపించింది. ముగ్గురూ చాప కిందే కూర్చున్నారు.